కండెల చరఖా బేరింగు గరగరమంటోంది, పెట్రోల్‌తో కడగొచ్చా?

ప్రశ్న: మాది చండూరు. నేతకు నూలును కండెలుగా చుట్టే మోటారు చరఖా కొన్నాళ్ళుగా గరగరమంటోంది, కండె తొడిగే కదురు కూడా పట్టేసినట్టు తిరుగుతోంది. విప్పి చూస్తే బేరింగు నిండా నల్లటి జిడ్డు, నూలు పీచు. మీద 608 అని ఉంది. పెట్రోల్‌లో ముంచి తీస్తే చాలని పక్కింటి అన్న అంటున్నాడు. మా అమ్మ ఎప్పటి నుంచో కొబ్బరినూనె చుక్కలే వేస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక చేనేత పాఠకుడు

జవాబు: ముందు పెట్రోల్ సంగతి. మీది మగ్గం ఇల్లు, ఎటు చూసినా నూలే, అక్కడ పెట్రోల్ మూత తీయనే వద్దు. సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అది అంటుకునేంత ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి కంటికి కనపడకుండా నేల వెంబడి పాకి పొయ్యి దాకానో స్విచ్చి దాకానో పోతుంది. కిరోసిన్ గానీ పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ గానీ వాడండి. వాటితోనూ జాగ్రత్త ఉండాలి, ఎందుకంటే దాదాపు 38 డిగ్రీలు దాటితే కిరోసిన్ ఆవిరీ నిప్పు అందుకుంటుంది, నల్లగొండ ఎండాకాలంలో 44 మనకు కొత్త కాదు. అందుకని పొద్దున్నే, వాకిట్లో, నీడన, పిల్లలు దగ్గర లేకుండా చేయండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి.

ఇక బేరింగు. 608 అంటే లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి కొలత 22, మందం 7. ఆ నంబరు తర్వాత జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూతలు, ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు సీళ్ళు. చిన్న బేరింగుల్లో రేకు మూత చాలావరకు నొక్కి బిగించి ఉంటుంది, పొడిచి తీస్తే వంగిపోయి మళ్ళీ కూర్చోదు. మీది అలాంటిదైతే కడగడం కంటే కొత్తది కొనడమే నయం, ఈ సైజు ఎక్కడైనా దొరుకుతుంది, ఖరీదూ పెద్దగా ఉండదు. రబ్బరు సీలైతే సన్నటి సూదితో లోపలి రింగు అంచు దగ్గర మెల్లగా లేపండి, వచ్చేస్తుంది. దాన్ని సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, థిన్నర్ తగలనీయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

చాలామంది తప్పు చేసేది కడగడంలోనే. ఒకసారి ముంచి తీస్తే మురికి పోదు, మెత్తబడి గోళీలు తిరిగే దారిలోకి చేరుతుంది, అలా సగం కడిగిన బేరింగు అసలు కడగని దానికంటే త్వరగా అరిగిపోతుంది. మూడు గాజు సీసాలు పెట్టుకోండి. ముందు బయటి జిడ్డంతా తుడిచేసి, మొదటి సీసాలో పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతూ, లోపలి రింగు పట్టుకుని బయటిది నెమ్మదిగా తిప్పండి. రెండో సీసాలో మళ్ళీ అంతే. మూడో దాంట్లో కొత్త కిరోసిన్ ఉండాలి, అది తేటగా ఉండిపోయే దాకా ఆపొద్దు. సీసా అడుగున తళతళలాడే పొడి కనిపిస్తే లోపల ఇనుము అరుగుతోందని అర్థం, ఇక ఆ బేరింగును నమ్మొద్దు.

ఆరబెట్టడానికి పంక్చర్ షాపుకు తీసుకెళ్ళి గాలి కొట్టించి గిర్రున తిప్పడం చూస్తుంటాం, ఆ చప్పుడు వినడానికి సరదాగానే ఉంటుంది కానీ అది చాలా ప్రమాదం. నూనె లేకుండా అంత వేగంగా తిరిగితే గోళీలు, వాటి దారి గీరుకుపోతాయి, ఒక్కోసారి బేరింగు పగిలి ముక్కలు కంట్లోకి ఎగురుతాయి. గాలి కొట్టాల్సి వస్తే రెండు రింగులూ కదలకుండా పట్టుకోండి. లేదంటే శుభ్రమైన కాగితం మీద నీడన పెడితే ఆరిపోతుంది. పాత బనియన్ గుడ్డతో మాత్రం తుడవొద్దు, మళ్ళీ పీచే పట్టుకుంటుంది. ఆరినదాన్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, చెమటకు తుప్పు పడుతుంది.

ఆరాక లిథియం గ్రీజు లోపలి ఖాళీలో మూడో వంతు దాకా పెట్టి చేత్తో తిప్పండి. నిండా కూరితే వేడెక్కుతుంది. కొబ్బరినూనె రానురాను జిగురులా మారి పీచును ఇంకా పట్టేస్తుంది, చలికాలంలో గడ్డ కడుతుంది, అమ్మకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి. మళ్ళీ ఎక్కించేటప్పుడు కదురు మీదికి బిగుతుగా వెళ్ళేది లోపలి రింగైతే, దాని మీదే సరిపోయే పైపు ముక్క పెట్టి తట్టండి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా గోళీల మీద పడి దారిలో గుంటలు పడతాయి. తర్వాత కూడా గరగర పోకపోతే ఇంకోసారి కడగడం దండగ, మార్చేయండి.

ప్రశ్న: మా బాబు స్కేటింగ్ చక్రాలు వానలో తడిసి బిగుసుకున్నాయి. ఇదే పద్ధతా?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: అవునమ్మా, వాటిలో ఎక్కువగా ఉండేదీ 608 బేరింగే. ఆలస్యం చేయకుండా ఈ రోజే విప్పి కడగండి, తడి రాత్రంతా ఉంటే తుప్పు మొదలవుతుంది. వీటికి గ్రీజు బదులు రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేస్తే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. కాకపోతే నూనె త్వరగా పోతుంది, తరచూ వేస్తుండాలి. కిరోసిన్ పని మీరే చేయండి, బాబుకు ఇవ్వొద్దు. మురికి కిరోసిన్‌ను మోరీలో పారబోయకండి, కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది, పైన తేరినదాన్ని వడగట్టి మళ్ళీసారి మొదటి సీసాలో వాడుకోవచ్చు.