ఇంటిదొంగతో ఆట

చిన్నా,

ఆదివారం సాయంత్రం ఎం.వి.పి. కాలనీలో మీ ఇంట్లో స్నేహితులతో అబ్స్క్యూరియో అనే బొమ్మల కార్డుల ఆట ఆడిస్తున్నావనీ, అందులో జట్టుకి సూచనలిచ్చే మంత్రగ్రంథంగా నువ్వే కూర్చుంటావనీ మీ అమ్మ చెప్పింది. 2019లో వచ్చిన ఆ ఆట మా ఇంట్లో బాగానే నలిగింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

నువ్వు నోరు విప్పకుండా, సూచన బొమ్మల మీద సీతాకోకచిలుక బిళ్లలు పెట్టి, తలుపులనుకునే ఆరు బొమ్మల కార్డుల్లో అసలుది ఏదో జట్టుకి చూపాలి కదా. అక్కడ కథలు అల్లకు. పోయిన సంక్రాంతికి నేను ఆ తప్పే చేశాను. అసలు తలుపు మీద నీలి సముద్రం, అందులో గోపురం. నేనేమో సూచన బొమ్మలో ఒక ముసలాయన చేతిలోని లాంతరు మీద బిళ్ల పెట్టాను. మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ అందరికీ తడుతుందని నా ఆశ. మీ పెదనాన్న "ముసలాయన" అన్నారు, అక్క "నిప్పు" అంది, ఎవరి దారి వాళ్లదైపోయింది. అదే బొమ్మలో ముసలాయన భుజాన నీలం కండువా ఉంది! దాని మీద పెట్టి ఉంటే చాలు. ముందు రంగు, ఆకారం చూడు. కంటికి తగిలిందే మనసుకి ఎక్కుతుంది.

అలాగని గంటలు గంటలు ఆలోచించనివ్వకు. వాళ్లు ఆలస్యం చేసేకొద్దీ తర్వాతి రౌండులో ఆటని కష్టం చేసే ఉచ్చులు పెరుగుతాయి.

ఇక జట్టులోనే దాక్కుని తప్పు తలుపు వైపు నడిపించే ద్రోహి సంగతి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మనం పట్టొచ్చు. తప్పు తలుపు ఎంచుకున్న ప్రతివాణ్ణీ అనుమానించొద్దని ఆట మొదలవకముందే అందరికీ చెప్పు. మంచివాళ్లూ బోలెడు తప్పులు చేస్తారు, దొంగ దాక్కునేది వాటి చాటునే. "ఈ బొమ్మే ఎందుకు?" అని అడగమను. నిజంగా పొరబడినవాడు వేలు పెట్టి మరీ చూపిస్తాడు: ఇదిగో ఈ ఆకు, ఇదిగో ఈ అంచు అని. దొంగ చాలాసార్లు పక్కవాడు చెప్పిందే తిప్పి చెబుతాడు. తొందరపడి నింద వేస్తే నష్టం జట్టుకే.

అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ద్రోహి ఒక్కడే కళ్లు తెరిచి, అసలు తలుపుతో కలపాల్సిన తప్పుడు బొమ్మలు నీకు చూపిస్తాడు కదా, అప్పుడు తక్కినవాళ్లని బల్ల మీద చేతులతో దరువు వేస్తూ ఉండమను. మా పిన్ని చెయ్యి చాపగానే గాజులు గలగలమన్నాయి, ఆట అక్కడే అయిపోయింది. ద్రోహి ఎవరో నీకు తెలిసిపోతుంది కాబట్టి ఆ తర్వాత అతనివైపు చూడకు. చూపు బిళ్లల మీదే ఉంచు.

కార్డులకి ప్లాస్టిక్ తొడుగులు వేయించు. ఉప్పుగాలికి మావి అంచులు ఉబ్బిపోయాయి. మీ అమ్మ చేత మాడుగుల హల్వా పంపిస్తున్నా. ఆట అయ్యాకే పెట్టు, నెయ్యి చేతులతో బొమ్మలు ముట్టుకోనివ్వకు.

మీ పెద్దమ్మ