ట్యూమ్ బయట చవగ్గా ఇల్లు దొరికింది, బ్రాడ్‌బ్యాండ్ సంగతేంటి?

తమ్ముడూ, అద్దె తక్కువని మురిసిపోతున్నావు గానీ, ఐర్లాండ్ పల్లెల్లో చవగ్గా ఇల్లు దొరికిందంటే ఎక్కడో ఓ మెలిక ఉంటుంది. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని అన్నావు, నీ మెలిక అక్కడుంది. ఏజెంటు "లైను ఉంది" అన్నాడట. నాకూ అలాగే చెప్పారు.

నేను మొదట రాస్‌కామన్ వైపు ఓ పల్లెలో దిగాను. సోఫా వెనక గోడకు టెలిఫోన్ సాకెట్ కనపడగానే, ఇంకేం కావాలనుకుని పద్దెనిమిది నెలల కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాను. ప్రకటనలో 24 ఎంబీపీఎస్ వరకు అని ఉంది. రాగి తీగ కదా, ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగేకొద్దీ స్పీడు చచ్చిపోతుంది. మా ఇంటికి చేరేసరికి రెండు కూడా మిగిలేది కాదు. అమ్మకు వీడియో కాల్ చేస్తే బొమ్మ బిగుసుకుపోయి మాట మాత్రం వచ్చేది. ఆఫీసు పనికి మొబైల్ డేటా కొనుక్కున్నాను. పనిచేయని లైనుకో బిల్లు, పనిచేసే సిమ్ముకో బిల్లు! ఇల్లు మారతానంటే మిగిలిన నెలల డబ్బు మొత్తం కక్కమన్నారు. రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక ఆ రాత్రి అన్నం సయించలేదు. (యూరోని రూపాయల్లో లెక్కేయడం మానేయమని అందరూ చెప్తారు. మానకు.)

మీ కాలం నయం. 2019 నవంబరులో ఇక్కడి ప్రభుత్వం నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ ఒప్పందం మీద సంతకం చేసింది. కంపెనీలు తమంతట తాము ఫైబర్ వేయని సుమారు 5.4 లక్షల ఇళ్లు, దుకాణాలు, పొలాల దాకా తీగ లాగడం పని. ఆ ప్రాంతం దేశంలో 96 శాతం నేల, జనం మాత్రం పావు వంతు లోపే. మన ఊళ్లలాగా గోడకు గోడ ఆనించి కట్టుకోరు వీళ్లు. దారి పొడవునా పొలానికో ఇల్లు. అందుకే కంపెనీలకు గిట్టలేదు, ప్రభుత్వం డబ్బు పెట్టాల్సొచ్చింది.

నువ్వు చేయాల్సింది చిన్న పని. ఓనర్‌ని ఎయిర్‌కోడ్ అడుగు. మన పిన్‌కోడ్ ఊళ్లకు ఊళ్లకే ఒకటి, ఇది గుమ్మానికొకటి. ఈ ప్లాన్ కింద తీగ లాగే కంపెనీ నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ ఐర్లాండ్ (ఎన్‌బీఐ) సైట్లో అది కొడితే ఆ ఇంటికి ఫైబర్ వచ్చిందో లేదో చెప్పేస్తుంది. పక్కింటికి ఉంది కదా అని నమ్మకు. ఎన్‌బీఐ మనకు నేరుగా అమ్మదు, వేరే కంపెనీల దగ్గర తీసుకోవాలి, కాబట్టి మొదటి ఏడాది డిస్కౌంట్ అయ్యాక ధర ఎంతవుతుందో చూడు. కాంట్రాక్టు రద్దు గడువులూ అవీ ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ కామ్‌రెగ్ సైట్లో ఉంటాయి. ఫైబర్ డబ్బా బిగించడానికి గోడకు కన్నం వేస్తారు. ఓనర్ అనుమతి మెయిల్లో తీసుకో, లేకపోతే డిపాజిట్‌లో కోసుకుంటాడు.

మోడెమ్ వచ్చిన అట్టపెట్టె కూడా పారేయకు. చాలా కంపెనీలు ఖాళీ చేసేటప్పుడు మోడెమ్ వెనక్కి పంపమంటాయి, పంపకపోతే దానికీ బిల్లేస్తాయి.