హంతకుడెవరో తేలేదాకా నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఇంటిపని ముగిశాక రాత్రి పదింటికి టీ తాగి, ఫోన్‌లో సరదా మిస్టరీ నవలలు చదువుతాను. బొటిక్ నడిపే అమ్మాయి తన పెళ్లి సంబంధాల గొడవల మధ్యనే హత్య గుట్టు విప్పే తరహా కథలవి. ఒక్క అధ్యాయం అనుకుంటే ఒంటిగంట దాటుతోంది. మళ్లీ ఐదున్నరకు లేవాలి. మర్నాడు నుదుటి నొప్పి, కళ్లమంట. ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అని ఇంట్లో అంటున్నారు. ఇది వ్యసనమా? మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానేయనక్కర్లేదు. ఉద్యోగం, ఇల్లు పట్టించుకోకుండా, అబద్ధాలు చెప్పి మరీ చదువుతుంటే వ్యసనమని అనుమానించేవాణ్ని. మీ ఉత్తరంలో ఆ లక్షణాలేవీ కనిపించడం లేదు. ఈ నవలల్లో హత్య జరిగినా రక్తపాతం తెర వెనుకే ఉంటుంది. నాయిక అనుమానించకూడని వాడిని అనుమానించి నవ్వులపాలవుతుంది, అయినా చివరికి చిక్కుముడి విప్పేది ఆమే. పగలంతా బస్తాల లెక్క కుదరక తల పట్టుకునే మనిషికి, ఆఖరి పేజీలో లెక్క తప్పక తేలుతుందన్న భరోసా ఎంత హాయినిస్తుందో నేను ఊహించగలను. (వార్డు డ్యూటీ రాత్రుల్లో నేనూ ఇలాంటివి చదివినవాణ్నే.)

చిక్కంతా మీరు ఆపే చోటులో ఉంది. రచయితలు అధ్యాయాన్ని ఉత్కంఠ దగ్గరే తెంచుతారు కనుక, ‘ఇది అయ్యాక పడుకుంటాను’ అనుకున్నవారు ఎప్పుడూ మేలుకునే ఉంటారు. మధ్యలో నాయిక ఇంటికి చేరి కాళ్లు చాపుకొని కూర్చున్న చోట, ఒక చిన్న సంగతి తేలిన చోట ఆపి చూడండి. పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. మీకు అందులో నాలుగున్నర గంటలు కూడా దక్కడం లేదు. పదింటి టీ మానండి, ఎందుకంటే అందులోని కెఫీన్‌లో సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. చీకట్లో ఫోన్ వెలుగు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి, గదిలో దీపం వేసుకొని అచ్చు పుస్తకం చదవడం మేలు.

నుదుటి నొప్పికి నిద్రలేమి ఒక కారణం కావచ్చు గానీ, మీ వయసులో నేను ముందుగా అనుమానించేది చత్వారాన్ని. నలభై దాటాక కంటి కటకం బిగుసుకుపోయి దగ్గరి అక్షరాలు మసకబారతాయి. ఫోన్‌ను దూరం జరిపి చదువుతున్నారా అన్నది గమనించుకోండి. తదేకంగా చదివేటప్పుడు రెప్పలు ఆర్పడం తగ్గి కన్ను పొడిబారుతుంది, మంట అందువల్లే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్న వస్తువును 20 సెకన్లు చూడండి. కంటి డాక్టరు దగ్గర చూపుతోపాటు కంటి లోపలి ద్రవపు ఒత్తిడిని కూడా పరీక్షించుకొని, తగిన అద్దాలు రాయించుకోండి. రోడ్డు పక్కన దొరికే అద్దాలతో సరిపెట్టుకోవద్దు. బీపీ, షుగర్ కూడా చూపించుకోండి.

పెందలాడే పడుకున్నా నిద్ర పట్టకపోయినా, ఒంట్లో ఆవిర్లు, చెమటలతో మెలకువ వస్తున్నా అది నెలసరి ఆగబోయే దశ మార్పు కావచ్చు, గైనకాలజిస్టును కలవండి. కంట్లో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు, చూపు తగ్గడం కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.