నినాదం రాయకుండా చెప్పించడం ఎలా?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. తొమ్మిదో తరగతి పిల్లలతో కాన్సెప్చువల్ ఆర్ట్ (అందం కన్నా ఆలోచనే ముఖ్యమైన కళ) చేయిద్దామని 'నీటి ఎద్దడి' అని విషయం ఇచ్చాను. అందరిదీ ఒకటే బొమ్మ: కుళాయి, దాని చివర కన్నీటి బొట్టు, కింద 'నీటిని కాపాడండి'. బొమ్మలు రానివాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వస్తువులతో అర్థం చెప్పించడం ఎలా? మార్కులు ఎలా వేయాలి?
– ఒక డ్రాయింగ్ మాస్టారు, ఖమ్మం జిల్లా

జవాబు: మాస్టారూ, ఎద్దడి, పర్యావరణం, ఐకమత్యం అంటూ పెద్ద మాట ఇస్తే పిల్లలు ఆఫీసు గోడల మీద చూసిన పోస్టరునే మళ్లీ గీస్తారు. విషయం ఇవ్వకండి, వస్తువు ఇవ్వండి.

యూరియా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి నీడకు వెళ్లి కూర్చోవడం మీ పిల్లలు చూసే ఉంటారు. పాఠం అక్కడ మొదలుపెట్టండి. మడమ దగ్గర అరిగిన చెప్పు, తెగిన పట్టీకి పిన్నీసు. మనిషి లేకపోయినా ఆ జతను ఎవరూ పక్కకు నెట్టరు. ఎందుకు నెట్టరో అడగండి. వాటి స్థానంలో కొత్త బూట్లు పెడితే ఏం మారుతుందో కూడా అడగండి. ఆ రైతులు కళ కోసం చేయలేదు, నిజమే. కానీ ఒక వస్తువు మనిషి బదులు నిలబడటం పిల్లలకు ఇంతకన్నా సులువుగా అర్థం కాదు.

అప్పుడు అమెరికా కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన పని గురించి చెప్పండి. గది మూలలో రంగు కాగితాలు చుట్టిన చాక్లెట్ల కుప్ప. బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. వచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకోవచ్చు, కుప్ప తరుగుతూ ఉంటుంది. అది ఎయిడ్స్‌తో చనిపోయిన అతని సహచరుడు రాస్ రూపచిత్రం. ఆ బరువు రాస్ ఆరోగ్యంగా ఉన్నప్పటి ఒంటి బరువని చాలామంది అనుకుంటారు. చాక్లెట్లను ఎవరూ ముట్టుకోకుండా అద్దాల పెట్టెలో పెడితే ఏం మిగులుతుంది? ఈ ఒక్క ప్రశ్న మీద పీరియడంతా గడిచిపోయినా ఫరవాలేదు.

ఇక పని. ఇంట్లో వాడిన వస్తువే తేవాలి, కొనకూడదు. గీయడం, అంటించడం, రాయడం వద్దు. ఎన్ని పెట్టాలి, ఎక్కడ, ఎటు తిప్పి అన్నదే వాళ్ల చేతిలో ఉంటుంది. ఖాళీ బిందెను బల్ల మీద బోర్లిస్తే ఒక అర్థం, గుమ్మానికి అడ్డంగా పెట్టి దాటి రమ్మంటే వేరే అర్థం. చేసినవాడు నోరు విప్పకూడదు. మిగతావాళ్లు ముందు కనిపించింది చెప్పాలి, ఆ తర్వాతే అనిపించింది.

బొమ్మలు రానివాళ్లకు సోల్ లెవిట్ అనే అమెరికా కళాకారుడు ఉన్నాడు. గోడ మీద ఏ గీతలు ఎలా గీయాలో సూచనలు రాసిచ్చేవాడు, చాలాసార్లు గీసింది వేరేవాళ్లు. మీ వాళ్లలో ఒకరు సూచన రాస్తే, ఇంకొకరు సుద్దముక్కతో గీయొచ్చు.

మార్కులు పిల్లలు నోటుబుక్కులో రాసినదానికి వేయండి: ఈ వస్తువే ఎందుకు, ఏవి పెట్టి చూసి తీసేశారు. అందంగా ఉందా అన్నదానికి సున్నా.

వార్షికోత్సవం రోజు వీటిని వరండాలో పెడితే మాత్రం ఊడ్చే ఆయమ్మకు ముందే చెప్పండి. లేకపోతే పొద్దున్నే ఎత్తి అవతల పెట్టేస్తుంది.