కొసమెరుపు ముందే చెప్పెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెజ్యూమే చదివాను. వాక్యం చక్కగానే నడిచింది. కాని కథలు రాసే చెయ్యి కదా, కొసమెరుపును చివరికి దాచేశావు. అడుగుతున్నది కాపీ ఎడిటర్ ఉద్యోగం. మాసపత్రికకు రెండేళ్లు ప్రూఫులు దిద్దిన సంగతేమో మూడో పేజీ అడుగున ఉంది. అక్కడిదాకా ఎవరూ రారు. దరఖాస్తుల కట్ట ముందేసుకున్న మనిషి మొదటి పేజీ పైభాగం మీద చూపు పారేస్తాడు, కావలసింది కనబడితేనే కిందికి దిగుతాడు. ‘భాష మీద మక్కువ, నిత్యం నేర్చుకోవాలన్న తపన’ అంటూ మొదలుపెట్టిన పేరా కొట్టెయ్యి. ఏం పని చేస్తావు, ఎన్నేళ్లుగా, దేనిలో గట్టి: రెండు లైన్లు చాలు.

రాయడానికి కూర్చునే ముందు ఆ ఉద్యోగ ప్రకటన ప్రింటు తీసుకో. వాళ్లు అడిగిన ప్రతిదాని కిందా గీత గీసి, పక్కన నీ దగ్గరున్న ఆధారం రాయి. ఆధారం లేకపోతే ఖాళీగా వదిలెయ్యి, అల్లకు. మాటలు కూడా వాళ్లవే వాడు. ప్రకటనలో ‘కాపీ ఎడిటింగ్’ అని ఉండగా నువ్వు ‘భాషా పరిష్కరణ’ అన్నావు. అర్థం ఒకటే కావచ్చు, కాని దరఖాస్తులు వడపోసే సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు తమ మాటే కొట్టి వెతుకుతారు. లియొనార్డో డా విన్సీ 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జా కొలువు కోరుతూ రాసిన ఉత్తరంలో వంతెనలు, ఫిరంగులు, ముట్టడి ఉపాయాలు వరసపెట్టి, చిత్రలేఖనం మాట ఆఖరున ముక్తసరిగా చెప్పాడు. ఆ దొరకు అప్పుడు కావలసింది యుద్ధ సామగ్రి మరి.

ఇక అనుభవం. అసలు శ్రమంతా ఇక్కడే. ‘పత్రికలో ప్రూఫ్ రీడింగ్ బాధ్యతలు నిర్వర్తించాను’ అన్నావు. అది ఉద్యోగం పేరు, నువ్వు చేసిన పని కాదు. ఎంత దిద్దావు? ఎంత గడువులో? నీవల్ల ఏం మారింది? ఇలా అడుగుతూ పోతే లైను తేలుతుంది: ‘నెలకు 64 పేజీలు రెండు దఫాలుగా దిద్దాను, పేర్లు, అంకెలు, విరామ చిహ్నాలు అంతటా ఒకేలా ఉండేందుకు శైలి పత్రం తయారుచేశాను, రెండో ప్రూఫులో తప్పులు పేజీకి 9 నుంచి 3కి తగ్గాయి.’ ఈ అంకెలు నమూనాకు వేసినవి, నీవి నువ్వు లెక్కపెట్టుకో. ఇంటర్వ్యూలో ‘ఎలా లెక్కించావు?’ అంటే జవాబు చెప్పలేని అంకె వెయ్యకు. ఫలితం లెక్కకు అందకపోతే పని ఎంతో చెప్పు: వారానికి ఎన్ని వ్యాసాలు, ఎందరి రచనలు. తాజా ఉద్యోగం పైన, నాలుగైదు లైన్లు. పాతవి కింద, రెండేసి.

రెండు నిలువు వరసల డిజైను ముచ్చటగానే ఉంది, తీసెయ్యి. కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు వరసలనూ కలిపి అడ్డంగా చదివేస్తాయి. హెడర్‌లో (పేజీ పైఅంచు పట్టీలో), టెక్స్ట్ బాక్సుల్లో ఉన్నది ఒక్కోసారి వదిలేస్తాయి. నీ ఫోన్ నంబరు హెడర్‌లోనే ఉంది! పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడు. అక్కడ వరస చెదిరితే యంత్రం దగ్గరా చెదిరే ప్రమాదం ఉంది. నీ అనుభవానికి ఒక పేజీ చాలు. అక్షరం 10 పాయింట్లకు, అంచులు అర అంగుళానికి తగ్గనివ్వకు. పట్టకపోతే లైన్లు కొయ్యి, అక్షరం కుదించకు.

నైపుణ్యాల పక్కన ఐదుకు నాలుగు చుక్కలు పెట్టుకున్నావు. ఎవరు వేసిన మార్కులవి?

రెండు ఉద్యోగాల నడుమ ఖాళీ కనబడకుండా సంవత్సరాలు మాత్రమే వేసినట్టున్నావు. నెలలు కూడా వేసి, ఆ ఖాళీకి ఒక లైను కేటాయించు: చదువో, ఇంటి బాధ్యతో, ఉన్నదే రాయి. ఖాళీ ఉన్నందుకు కన్నా కప్పిపెట్టినందుకే అనుమానం ఎక్కువ.

అన్నట్టు, ఒకచోట నెల పేరు పూర్తిగా, మరోచోట పొట్టిగా రాశావు. కాపీ ఎడిటర్ ఉద్యోగానికి ఆ ఒక్కటి చాలు పక్కన పెట్టడానికి. తేదీలన్నీ విడిగా ఒకసారి, పేర్లన్నీ విడిగా ఒకసారి చూసుకో. మెయిల్ చిరునామా చదివి ఊరుకోకుండా, దానికి ఒక ఉత్తరం పంపి చూడు. ఫైలుకు ‘ఫైనల్ కొత్తది 2’ అని కాకుండా నీ పేరు, ఉద్యోగం పేరు పెట్టు.

దిద్దిన ప్రతి పంపేటప్పుడు ప్రకటన కూడా జతచెయ్యి. అది పక్కన లేకుండా ఏ లైను ఉంచాలో నేనూ చెప్పలేను.