జాత్యహంకార వ్యతిరేక సభల్లో ఆస్ట్రేలియా ఆదివాసులు ఎందుకు కనబడరు?

మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన మీరు అడిగిన ప్రశ్న ఇది: జాత్యహంకారానికి వ్యతిరేకంగా ఇక్కడ జరిగే సభల్లో భారతీయులు, చైనీయులు, ఆఫ్రికా దేశాలవారు కనబడుతున్నారు గాని ఆదివాసులు కనబడరేమిటి, వలస వచ్చినవారి కష్టాలతో వారికి పని లేదా అని. ఇది ఉద్యమాల మధ్య ఉద్రిక్తత అని కూడా మీరు అన్నారు. నేను ఈ నగరానికి 2008లో విద్యార్థిగా వచ్చాను. ఇలాంటి సభలు నిర్వహించే ఒక స్థానిక సంఘంలో ఆరేళ్ళు పనిచేశాను. ఆదివాసులు ఎప్పటినుంచో వస్తూనే ఉన్నారు. వచ్చినవారిని మనం ఎక్కడ కూర్చోబెట్టామో, ఎంతసేపు మాట్లాడనిచ్చామో ముందు చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఒక పెద్దావిడ చేత మాట మధ్యలో ఆపించినవాణ్ణి నేనే.

2018 మార్చి 21న మా సంఘం పశ్చిమ శివారులోని ఒక హాలులో సభ పెట్టింది. ఆ తేదీ ఐక్యరాజ్యసమితి ప్రకటించిన జాతివివక్ష నిర్మూలన దినం. 1960లో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లజాతివారు ఎప్పుడూ అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలనే పాస్ చట్టాలను నిరసిస్తూ చేరిన నల్లజాతివారిపై పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపిన రోజు అది. ఆస్ట్రేలియాలో 1999 నుంచి దానిని హార్మనీ డే అనే పేరుతో జరుపుతున్నారు. పిల్లలు నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని బడికి వెళతారు, పెద్దలు తమ తమ దేశాల వంటకాలు తెచ్చి బల్లల మీద పెడతారు. అంతమంది చనిపోయిన రోజును విందుగా మార్చిన ఈ పద్ధతి నాకు ఏనాడూ నచ్చలేదు. అయినా ఆ సంవత్సరం మా సభలో కూడా సమోసాలకు చేసినంత ఏర్పాటు చర్చకు చేయలేదని ఒప్పుకోవాలి.

కరపత్రం మీద నలుగురు వక్తల ఫోటోలు వేశాము. నలుగురూ వలస వచ్చినవారే. ఫోటోల కింద చిన్న అక్షరాలతో 'వెల్కమ్ టు కంట్రీ, 6.00 – 6.05' అని వేశాము. ఏ నేల మీద సభ జరుగుతుందో ఆ నేలకు చెందిన మూలవాసీ పెద్ద ఒకరు వచ్చి అతిథులను తమ భూమి మీదికి ఆహ్వానించడం ఇక్కడి సంప్రదాయం. ఆ పని వారు మాత్రమే చేయగలరు. మనలాంటివారు చేయగలిగిందల్లా ఈ భూమి వారిదని గుర్తు చేసుకోవడం. మేము పిలిచిన పెద్దావిడను అందరూ ఆంటీ అని పిలిచేవారు. పక్కింటి ఆవిడను మనం పిలిచే పిలుపు లాంటిది కాదు అది. పెద్దరికాన్ని గుర్తించి వారి సమాజం ఇచ్చే గౌరవం. ఆ ఆంటీ పేరు మా కరపత్రంలో లేదు.

ఆవిడ తమ భాషలో నాలుగు మాటలు చెప్పి, తరువాత ఇంగ్లీషులో తన అమ్మమ్మ సంగతి మొదలుపెట్టారు. ఆదివాసీ పిల్లలను సర్కారు తల్లిదండ్రుల నుంచి వేరు చేసే రోజులవి. ఆరేళ్ళ పిల్లను తల్లి దగ్గర నుంచి అధికారులు తీసుకుపోయిన రోజున వాకిట్లో ఏ బట్టలు ఆరుతూ ఉన్నాయో కూడా ఆవిడ చెబుతున్నారు. అప్పటికే ముఖ్య అతిథిగా వచ్చిన ప్రజాప్రతినిధి గడియారం చూసుకుంటున్నారు. నేను హాజరు పట్టీ నుంచి ఒక ముక్క చింపి, 'దయచేసి రెండు నిమిషాల్లో ముగించగలరు' అని రాసి ముందుకు పంపాను. ఆవిడ చీటీ చదివి, రెండు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకున్నారు. మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేయకుండానే 'మీ అందరికీ స్వాగతం' అని వేదిక దిగారు. తరువాత నలుగురు వక్తలూ గంటన్నర సేపు, ఉద్యోగాల్లో మన పేర్లు చూసి దరఖాస్తులు పక్కన పడేస్తున్నారని మాట్లాడారు. ఆ మాటలు అబద్ధాలు కావు, నాకూ అనుభవమే. ఆంటీ మూడో వరుసలో కూర్చుని చివరి దాకా విన్నారు.

టీ దగ్గర క్షమాపణ చెప్పబోతే ఆవిడ దాని గురించి మాట్లాడలేదు. నేను ఎక్కడ ఉండేవాణ్ణో అడిగారు. చదువుకునే రోజుల్లో ఫుట్‌స్క్రేలో ఉన్నానని, రోజూ స్టేషన్ మీది పాదచారుల వంతెన దాటేవాణ్ణని చెప్పాను. ఆ వంతెన ఎవరి పేరు మీద ఉందో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. విలియం కూపర్ అని, తమ పెద్దల్లో ఒకరని చెప్పారు.

యోర్టా యోర్టా జాతికి చెందిన ఆ పెద్దాయన ఫుట్‌స్క్రేలోనే ఉండేవారు. తమవారికి పార్లమెంటులో ప్రాతినిధ్యం కావాలని కోరుతూ 1,814 సంతకాలతో బ్రిటిష్ రాజుకు విన్నపం తయారు చేస్తే, ఆస్ట్రేలియా ప్రభుత్వం దానిని రాజు దాకా పంపనే లేదు. 1938 జనవరి 26ను సంతాప దినంగా పాటించాలని పిలుపిచ్చినవారిలో ఆయన ఒకరు. మన సంఘాలు అదే తేదీన ఉదయం మువ్వన్నెల జెండా ఎగరేసి, మధ్యాహ్నం ఆస్ట్రేలియా డే విందుకు వెళుతుంటాయి, మధ్యలో ఆ మూడో సంగతి ఎవరూ ఎత్తరు. అదే సంవత్సరం నవంబరులో జర్మనీలో యూదుల ఇళ్ళ మీద, ప్రార్థనాలయాల మీద దాడులు జరిగాయి. డిసెంబరు 6న కూపర్ నడిపిన ఆదివాసీ సంఘం వారు నిరసన పత్రం పట్టుకుని మెల్‌బోర్న్‌లోని జర్మన్ దౌత్య కార్యాలయానికి వెళ్ళారు. అక్కడ ఆ పత్రం తీసుకోలేదు. తమకు ఈ దేశంలో పూర్తి హక్కులు లేని రోజుల్లో, ఎన్నడూ చూడని మనుషుల కోసం వారు నడిచారు. వలస వచ్చినవారి కష్టాలతో వారికి పని లేదా అన్న మీ ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

మరి వారికోసం మనం ఎప్పుడు నడిచాము? 2009 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఇక్కడ స్క్రూడ్రైవరుతో పొడిచారు. ఆయన చికిత్స పొందుతున్న ఆసుపత్రి ముందు నుంచి మే 31న వేలాదిమందిమి ఊరేగింపుగా బయలుదేరి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర నాలుగు రోడ్ల కూడలిలో బైఠాయించాము. చలికి పళ్ళు పటపటలాడుతుంటే మా పక్కన ఒకతను 1975 నాటి జాతివివక్ష నిరోధక చట్టం ప్రతిని పైకెత్తి, ఈ చట్టం మనకు అండగా ఉందని అరిచాడు. మేమంతా చప్పట్లు కొట్టాము. నార్తర్న్ టెరిటరీలో డెబ్బైకి పైగా ఆదివాసీ గ్రామాల మీద 2007లో ప్రభుత్వం తెచ్చిన ప్రత్యేక చర్యల కోసం సరిగ్గా ఆ చట్టాన్నే పక్కన పెట్టారని, వారికి వచ్చే సంక్షేమ భత్యంలో సగం ఎక్కడ ఖర్చు చేయాలో కూడా సర్కారే నిర్ణయిస్తోందని, మేము చప్పట్లు కొట్టిన ఆ రాత్రి కూడా చట్టం అక్కడ నిలిపివేసే ఉందని మాలో ఒక్కరికీ తెలియదు. 2010 చివర దాకా అదే స్థితి. ఆంటీతో మాట్లాడి ఇంటికి వచ్చిన రాత్రే నేను ఇదంతా చదివాను.

ఉద్యమాల మధ్య ఉద్రిక్తత అని మీరు అంటున్నది ఇక్కడే పుడుతుంది. మనం ఈ దేశపు చట్టాన్ని మనకూ సమానంగా వర్తింపజేయమని అడుగుతాము. వారు ఆ చట్టం చేసే అధికారం ఈ నేల మీద ఎలా వచ్చిందని, తమతో ఒప్పందం ఎందుకు చేసుకోలేదని అడుగుతారు. రెండు కోరికలూ న్యాయమైనవే గాని ఒకటి కావు. సభలు పెట్టేవారు రెండింటినీ 'తెల్లవారు కానివారు' అనే ఒక్క సంచిలో వేసి కుట్టేస్తారు. ఊరి పండుగల్లో ఆదివాసీ కళాకారుల బల్లను శ్రీలంకవారికీ ఫిలిప్పీన్స్‌వారికీ మధ్య వేసి, ఇది కూడా ఒక వలస సమాజమే అన్నట్టు చూపించడం నేను చాలాసార్లు చూశాను.

2020లో అమెరికాలో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుని హత్య తరువాత మన యువకులు ఎందరో ఊపిరాడటం లేదన్న ఆయన చివరి మాటను ప్రొఫైల్ బొమ్మగా పెట్టుకున్నారు. ఆ మాటనే 2015 డిసెంబరు 29న సిడ్నీలోని లాంగ్ బే జైలులో డేవిడ్ డుంగే అనే ఇరవై ఆరేళ్ళ ఆదివాసీ యువకుడు పన్నెండుసార్లు అన్నాడు. మధుమేహం ఉన్న ఆ ఖైదీ బిస్కెట్లు తినడం మానలేదని సిబ్బంది గదిలోకి చొరబడి అదిమి పట్టారు. 2020 జూన్ 6న మెల్‌బోర్న్‌లో జరిగిన పెద్ద ఊరేగింపును పిలిచింది, నడిపింది ఆదివాసీ యువతీయువకులే. నిర్బంధంలో ఆదివాసుల మరణాలను విచారించిన రాయల్ కమిషన్ 1991లో 339 సిఫార్సులు చేసిన తరువాత కూడా నిర్బంధంలో నాలుగు వందలమందికి పైగా తమవారు చనిపోయారని వారు చెప్పారు. మన వాట్సాప్ బృందాల్లో మాత్రం అది అమెరికా గొడవ అని, ఇక్కడ ఎందుకని రాశారు. దేశ జనాభాలో నూటికి నలుగురు కూడా లేనివారు ఖైదీల్లో దాదాపు మూడో వంతు ఉన్న దేశంలో అలా రాయగలిగారు.

2023 అక్టోబరు 14 నాటి ప్రజాభిప్రాయ సేకరణ నన్ను ఇంకా బాధపెట్టింది. పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదివాసీ మండలిని రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనను అరవై శాతం మంది తిరస్కరించారు. ఆదివాసుల్లోనే దానిని వ్యతిరేకించినవారు ఉన్నారు. ముందు ఒప్పందం కావాలన్న సెనేటర్ లిడియా థోర్ప్ వాదనను నేను గౌరవిస్తాను. మనవారు పంచుకున్న సందేశాల్లో ఆ వాదన లేదు. ఒక వర్గానికి ప్రత్యేకం ఎందుకు, ప్రతిభ చాలదా అని హైదరాబాదులో రిజర్వేషన్ల మీద చేసే తర్కాన్నే విమానంలో వెంట తెచ్చుకుని ఇక్కడ దించారు. ఉద్యోగంలో తమ పేరు చూసి పక్కన పెట్టారని బాధపడినవారే ఆ సందేశాలు పంపారు.

ఈ సంగతి తెలుగువారికి అర్థం కాదని మాత్రం అనలేము. భద్రాచలం ఏజెన్సీలో మా పెదనాన్న ఒక కోయ రైతు పేరిట ఉన్న నాలుగెకరాలు చాలా ఏళ్ళు సాగు చేశారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరిట మారకూడదనే 1/70 చట్టం అడ్డం వస్తుందని కాగితాల్లో పేరు మార్చుకోలేదు, అంతే. ఆ రైతు మా పొలానికే కూలికి వచ్చేవాడు. మా పొలం అని ఇప్పుడు కూడా రాసేశాను, చూడండి. మెల్‌బోర్న్ హాలులో ఆంటీ తమ భూమికి స్వాగతం అన్నప్పుడు నాకు ముందు గుర్తుకు వచ్చింది ఆ చేను గట్టు.

మీరు కూడా ఒక సభ పెట్టే ఆలోచనలో ఉన్నామని రాశారు కాబట్టి రెండు మాటలు. తేదీ, వక్తలు, అంశం అన్నీ ఖరారయ్యాక స్వాగతం చెప్పడానికి వారిని పిలవవద్దు. అంశం అనుకునే రోజునే మీ ప్రాంతపు మూలవాసుల సంస్థకు ఫోన్ చేయండి. ఆ స్వాగతానికి రుసుము ఉంటుంది. మైకుసెట్టు వానికీ డాన్సు బృందానికీ మాట్లాడకుండా డబ్బు ఇచ్చే మన సంఘాలు దీని దగ్గర మాత్రం బేరమాడతాయి, దయచేసి ఆ పని చేయకండి. 2022లో మేము మళ్ళీ సభ పెట్టినప్పుడు ఆంటీని ప్రధాన వక్తగా పిలిచాము. ఆవిడ జైళ్ళ గురించి మాట్లాడతానన్నారు. ముందుగా అమ్మమ్మ కథలో తాను ఆపేసిన వాక్యం దగ్గర మొదలుపెట్టి, మొత్తం యాభై నిమిషాలు తీసుకున్నారు. భోజనాలు చల్లారిపోయాయని సంఘంలో ఇద్దరు నా మీద ఇప్పటికీ కోపంగా ఉన్నారు.