చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి తక్కువ ఖర్చులో స్టేడియం కట్టుకోవడం కుదురుతుందా?

మీరు అడిగింది ఇదీ: బొబ్బిలి దగ్గర పల్లె, కుర్రాళ్ళు నడుపుకుంటున్న చిన్న క్లబ్బు, రెండున్నర ఎకరాలు దొరికేలా ఉంది, దాతలు కొంత ఇస్తామంటున్నారు. ముందు గ్యాలరీ కట్టాలా, ఆర్టిఫిషియల్ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) వేయాలా?

ఆ రెండింటికంటే ముందు వాన నీళ్ళు పోయే దారి చూసుకోండి.

నాది రాజాం వైపు. సివిల్ పనుల్లో సూపర్‌వైజర్ని. మా క్లబ్బు గ్రౌండ్ పని దగ్గరుండి చేయించాను. అది చూసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిలిస్తే వెళ్ళి సలహాలు ఇస్తుంటాను. చాలాచోట్ల ఒకటే వరస. దాత పేరు చెక్కిన ఆర్చి ముందు లేస్తుంది. తర్వాత సిమెంటు గ్యాలరీ లేస్తుంది. అంతటితో డబ్బు అయిపోతుంది. ఆడాల్సిన నేల మాత్రం పాత వరిమడిలాగే మిగులుతుంది. ఒక ఊళ్ళో (పేరెందుకు లెండి) గ్యాలరీ మీద కూర్చుంటే ఎదురుగా కార్తీకమాసం దాకా గేదెలు పొర్లే మడుగు కనిపిస్తుంది.

మన జిల్లాల్లో నైరుతి వానలు తగ్గాయనుకునేసరికి తుపాన్లు మొదలవుతాయి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. సరిగ్గా టోర్నమెంట్ల సీజన్ ముందు. అందుకే స్థలం ఖాయం చేసుకునే ముందు పక్క పొలం రైతుని అడగండి, అక్టోబరులో నీళ్ళు ఎటునుంచి వస్తాయి, ఎన్నాళ్ళు నిలుస్తాయి అని. వానాకాలంలో రెండడుగుల గొయ్యి తీసి, నిండా నీళ్ళు పోసి, మర్నాడు పొద్దున వెళ్ళి చూడండి. నీళ్ళు అలాగే ఉంటే అది బంకమట్టి, ఖర్చు పెరుగుతుంది. చెరువు గర్భం ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి. పైన హైటెన్షన్ వైర్లున్నా వద్దు. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకి పంచినది) అయితే కాగితాలు లాయరుకి చూపించాకే మాట్లాడండి.

ఇక కొలతలు. ఆట నిబంధనల ప్రకారం మైదానం పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్లు ఉండొచ్చు. పెద్ద స్టేడియాల్లో 105×68 వేస్తారు. మీకు 100×64 చాలు. చుట్టూ మూడేసి మీటర్లు ఖాళీ వదిలితే 106×70, అంటే సుమారు 183 సెంట్లు. రెండున్నర ఎకరాల్లో ఇంకా 67 సెంట్లు మిగులుతుంది. కాలవకి, గట్టుకి, గదులకి, బళ్ళు పెట్టుకోవడానికి అది సరిపోతుంది. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి, లేకపోతే సాయంత్రం మ్యాచ్‌లో ఒక పక్క గోల్‌కీపరుకి ఎండ కళ్ళల్లో కొడుతుంది.

నేల పని మీద పిసినారితనం వద్దు. పొడవునా మధ్యలో మెరక, రెండు పక్కలకీ వాలు. నూటికి ఒకటి వాలు పెడితే, అంచు నుంచి మధ్యకి 32 మీటర్లు కాబట్టి ఆ మెరక 32 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. ఆడేవాడికి ఆ తేడా తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. దీనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. మేం పది మీటర్లకో మేకు కొట్టి, నీళ్ళు నింపిన ట్యూబ్‌తో మట్టం చూసి, ప్రతి మేకు మీదా ఎర్ర పెయింటుతో గీత పెట్టాం. జేసీబీ ఆపరేటరు "కంటితో చూసి కొట్టేస్తానండీ" అంటాడు. ఒప్పుకోకండి. ఆ గీత దాకానే మట్టి పోయమనండి, పొరపొరకీ నీళ్ళు చల్లి రోలర్ తిప్పించండి. రెండు పొడవు గీతలకీ బయట కాలవ తీసి, అందులో కంకర నింపితే పిల్లలు పడే భయం ఉండదు.

మైదానమంతా ఏటి ఇసుక పరుద్దామని ఎవరో ఒకరు అంటారు. పది సెంటీమీటర్ల మందం వేస్తే 640 ఘనపు మీటర్లు కావాలి. ఇసుక ఉచితమే అనుకున్నా రవాణాకే డబ్బులైపోతాయి. గోల్ ముందు, మధ్య వృత్తంలో మట్టిలో కలపండి చాలు. ముందుగా అరిగేది అక్కడే.

గడ్డి కోసం నర్సరీల చుట్టూ తిరగకండి. బెర్ముడా గడ్డి అని పేరు పెట్టి అమ్మేది మన గరికే, వినాయకచవితికి తెచ్చుకునేదే. హైబ్రిడ్ రకాలు కూడా దాని సంతానమే. జూన్‌లో తొలి వానలు పడ్డాక, గట్ల మీద గరిక తవ్వి, మూడు నాలుగు కణుపులు ఉండేలా తుంచి, జానెడు దూరంలో నాటించాం. వరి నాట్లు వేసే ఆడవాళ్ళే వరస కట్టి నాటేశారు, మాకంటే వేగంగా, తిన్నగా. రెండు మూడు నెలలు పశువులు తొక్కకుండా కాపలా ఉండాలి. తడి నేలలో గేదె కాలు దిగితే ఆ గుంట పూడ్చడం ఎంత చాకిరీయో చేసినవాళ్ళకే తెలుస్తుంది. వేసవిలో రోజుకి 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 6,400 చదరపు మీటర్లకి 32 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరేడు. కాబట్టి బోరు లేకుండా గడ్డి మాట ఎత్తొద్దు.

ఆర్టిఫిషియల్ టర్ఫ్ ఫుల్‌సైజు అంటే కోట్ల మాట. ఎనిమిది, పదేళ్ళకి మార్చాలి. మన మే నెల ఎండకి చెప్పుల్లేకుండా దాని మీద నిలబడలేరు. పైగా అందులో నింపే రబ్బరు గుళికల అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2031 నుంచి ఆపేస్తోంది. ఊళ్ళలో అద్దెకి ఇచ్చే, జట్టుకి అయిదుగురేసి ఆడే చిన్న ఫైవ్స్ కోర్టు సంగతి వేరు, అది వ్యాపారం.

గోల్‌పోస్టులకి నాలుగంగుళాల జీఐ పైపు సరిపోతుంది. బయటి కొలత 114 మిల్లీమీటర్లు, నిబంధన 12 సెంటీమీటర్లు దాటకూడదనే. లోపలి వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44, రంగు తెలుపు. పైపుని నేలలో కాంక్రీటు పోసి బిగించండి. ఊరికే నిలబెట్టిన గోల్ మీదపడి పిల్లలు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. వెనక వలకి భీమిలి వైపు మత్స్యకారుల దగ్గర పాత నైలాన్ వల అడగండి. గీతలకి పొడి సున్నం వద్దు, కళ్ళలో పడితే ప్రమాదం. ముగ్గుపిండి చాలు.

ఇప్పుడు గ్యాలరీ. చదును చేసినప్పుడు, కాలవ తీసినప్పుడు వచ్చిన మట్టిని అమ్మేయకండి. పడమటి పక్క గట్టుగా పోయించండి, సాయంత్రం ఎండ చూసేవాళ్ళ వీపున ఉంటుంది. 60 మీటర్ల పొడవు, అయిదు మెట్లు, మెట్టుకి 80 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు. మనిషికి అరమీటరు చొప్పున 600 మంది కూర్చుంటారు. వెనక వాలుతో కలిపి మట్టి 420 ఘనపు మీటర్లు పడుతుంది. మెట్టు అంచుకి రాయి పేర్పించండి, వెనక వాలు మీద వట్టివేరు నాటండి, వానకి కోసుకుపోదు. పైకప్పు అసలు వద్దు. విశాఖ తీరానికి ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. దానికి తట్టుకునే రేకుల షెడ్డు ఖర్చుతో ఇంకో గ్రౌండ్ చదును చేయొచ్చు.

సంక్రాంతి టోర్నమెంటుకి జనం ఎక్కువ వస్తారని సరుగుడు కర్రలతో తాత్కాలిక గ్యాలరీ కట్టాలనిపిస్తుంది. 2022 మార్చిలో కేరళ మలప్పురం జిల్లాలో అలాంటిదే కూలి రెండు వందల మంది దాకా గాయపడ్డారు. నిలబడి చూసేవాళ్ళకి తాళ్ళు కట్టి ఖాళీ వదలండి, అంతే. పెద్ద క్లబ్బులు కూడా ఒక్కో పక్కే పెంచుకున్నాయి. స్పెయిన్‌లో ఐబార్ అనే చిన్న ఊరి జనాభా 27 వేలు. ఆ క్లబ్బు 2014లో ఆ దేశపు అగ్ర లీగ్ లా లీగాకి చేరేనాటికి స్టేడియంలో పట్టేది సుమారు 5 వేల మంది. తర్వాత స్టాండు తర్వాత స్టాండు పెంచుకుంటూ వెళ్ళారు.

మిగిలిన డబ్బు గదులకి పెట్టండి. రెండు చిన్న గదులు, స్లాబుతో, ఒక్కోదానికి బాత్రూమ్. బట్టలు మార్చుకునే చోటు లేక అమ్మాయిలు ఆట మానేయడం మా దగ్గరే చూశాను. పక్క శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళి సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్ పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరి ప్రాంతం మనది, ఆడపిల్లలకి గది లేదనడం బాగోదు. 108 అంబులెన్సు తిన్నగా మైదానం దాకా వచ్చేలా నాలుగు మీటర్ల గేటు ఒకటి వదలండి, దానికి అడ్డంగా బళ్ళు పెట్టనివ్వకండి.

డబ్బు విషయానికొస్తే, మట్టి పనికి ఎంపీడీఓ ఆఫీసులో అడగండి. ఉపాధి హామీ పనుల జాబితాలో ఆటస్థలాలు ఉండేవి. ఇప్పుడు పథకం రూపు మారుతోంది కాబట్టి తాజా నిబంధన అక్కడే తెలుసుకోండి. గదులకి ఎంపీ నిధులు అడగొచ్చు. దాతలకి ఆర్చి బదులు బోరు మీద పేరు రాయిస్తామని చెప్పండి, మా దగ్గర ఒకాయన సంతోషంగా ఒప్పుకున్నారు.

లైట్లు ఇప్పుడే వద్దు. ప్రాక్టీసుకి ఓ మోస్తరు వెలుతురు చాలు, అవి తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కాకపోతే జేసీబీ ఉన్నప్పుడే తర్వాత లైట్ల వైర్లు లాగడానికి నాలుగు మూలలకీ ఖాళీ పీవీసీ పైపులు పాతించి, ఎక్కడ పాతారో కాగితం మీద గీసి పెట్టుకోండి.